చలిగదిలో ఎండ కోసం ఎదురుచూపు

డిసెంబరు 21న లండన్‌లో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. మిట్టమధ్యాహ్నం సైతం సూర్యుడు దిగంతం నుంచి పదిహేను డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. అదే రోజు హైదరాబాదులో నలభై తొమ్మిది డిగ్రీల ఎత్తున ఉంటాడు, పగలు పదకొండు గంటలు సాగుతుంది. హెల్సింకీలో పగలు ఆరు గంటల లోపే ముగుస్తుంది. నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు అసలు పొడవడు. క్రిస్మస్ వెళ్లిన మర్నాటి నుంచి జనవరి నెలాఖరు దాకా, ఈ చీకటి రోజుల్లోనే, ఉత్తర యూరప్ కుటుంబాలు ఆరు నెలల తరవాత వచ్చే వేసవి సెలవులకు టికెట్లు కొనుక్కుంటాయి. స్పెయిన్ దీవులు, గ్రీస్, పోర్చుగల్ దక్షిణ తీరం, టర్కీ, ఎండ ఎక్కడ ఖాయమో అక్కడికి. బ్రిటన్ ప్రయాణాల వ్యాపారంలో జనవరి మొదటి శనివారానికి ‘సన్‌షైన్ సాటర్‌డే’ అని పేరే ఉంది.

ఆ రోజుల్లో ఒక ఇంటి వంటగదిలోకి తొంగి చూస్తే విషయం దగ్గరవుతుంది. నాలుగింటికే దీపం వేశారు. కిటికీ అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టింది. రేడియేటర్ మీద పిల్లల చేతి తొడుగులు ఆరుతున్నాయి. బల్ల మీద బడి పంపిన సెలవుల కాగితం, దాని పక్కన ఆఫీసులో ఎవరికి ఏ వారం సెలవు దొరికిందో రాసుకున్న చీటీ, ల్యాప్‌టాప్ తెర మీద నీలి సముద్రం. పది రోజులా, రెండు వారాలా, జూలై చివరా, ఆగస్టు మొదలా అని భార్యాభర్తల మధ్య లెక్కలు సాగుతుంటాయి. ఈలోగా పిల్లవాడు లేచి వెళ్లి, పోయిన ఏడాది మిగిలిపోయిన సన్‌స్క్రీన్ సీసా తెచ్చి, మూత తీసి వాసన చూస్తాడు. వాడి ముఖం మారిపోతుంది. ఆ క్షణాన వాడు ఎక్కడున్నట్టు? చలిగదిలోనా, సముద్రపు ఒడ్డునా? వాడికి కలిగిన సంతోషం దేనివల్ల కలిగింది? ఉన్న వస్తువు వల్లనా, లేని వస్తువు వల్లనా?

ఇవి చిన్న ప్రశ్నలు కావు. రాబోయే సుఖాన్ని తలచుకొని ఇప్పుడు పొందే సుఖం నిజమైనదేనా, లేక ఇవాళ్టి రోజును రేపటికి తాకట్టు పెట్టడమా అనే విచారణ ప్లేటో కాలం నుంచి ఉంది. భారతీయ దర్శనాలు దీన్ని వేరే దారుల్లో తీసుకున్నాయి. క్రైస్తవం దీని చుట్టూ పంచాంగంలో ఒక ఋతువునే కట్టుకుంది.

తెలుగు పాఠకుడికి ముందుగా ఒక మాట అడ్డు తగులుతుంది. తెలుగులో ఎండ తప్పించుకోవలసినది. ఎండన పడి వచ్చినవాడికి ముందు మంచినీళ్లిస్తారు, ఆ తరవాతే పలకరింపు. ఎండిపోవడం, ఎండగట్టడం అన్నీ ఆ మాట చుట్టూ పుట్టినవే. ఉత్తర దేశాలవాళ్ల కోరిక అర్థం కావాలంటే ‘నీరెండ’ అనే మాట దగ్గరికి వెళ్లాలి. ధనుర్మాసంలో తెల్లవారి అరుగు మీద వీపు కాచుకునే ముసలివాళ్లకు ఆ కోరిక చెప్పకుండానే తెలుస్తుంది. అరుగు మీద గంటసేపు దొరికే ఆ సుఖం ఐదు నెలల పాటు దొరకకపోతే ఎలా ఉంటుందో ఊహించుకుంటే చాలు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా మంచు కురిసే నెలల్లోనే వేసవి టికెట్లు చూస్తాయి. అయితే వాళ్ల ప్రయాణం ఎండ కోసం కాదు, ఎండను ఓర్చుకొని అమ్మానాన్నల దగ్గరికి. బడులకు సెలవులు ఇచ్చేది అప్పుడే కాబట్టి ఎండల్లోకే దిగుతారు. ఎదురుచూపు మాత్రం ఒకటే.

ఈ అలవాటు పాతది కాదు. సామాన్యులకు జీతంతో కూడిన సెలవు దొరికాకే పుట్టింది. ఫ్రాన్సులో 1936లో రెండు వారాల సెలవు చట్టమైంది. బ్రిటన్‌లో ‘హాలిడేస్ విత్ పే’ చట్టం 1938లో వచ్చింది. సెలవు తేదీలు ముందుగా తెలిస్తేనే ముందుగా ప్రణాళిక వేసుకోగలరు. కూలి మనిషికి ఏడాది ముందున్న ఒక వారం సొంతమవడం చరిత్రలో పెద్ద మార్పు. అంతకుముందు భవిష్యత్తును ఇంత దూరం నుంచి చూసి సంతోషించగలిగే భాగ్యం ఆస్తిపరులదే.

ఇక్కడ ఆగి చూడవలసిన సంగతి ఒకటుంది. గుంపులుగా జనాన్ని ప్రయాణాలకు తీసుకువెళ్లే వ్యాపారానికి దారి వేసినవాళ్లలో ఇద్దరు మతబోధకులు. థామస్ కుక్ బాప్టిస్టు. వయసులో ఊరూరా తిరిగి సువార్త చెప్పినవాడు. 1841 జూలై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరోకు ఆయన నడిపించిన తొలి రైలు యాత్ర మద్యపాన వ్యతిరేక సభ కోసం. రెండో ఆయన ఐలిఫ్ క్రోగేయర్, డెన్మార్క్ పశ్చిమ తీరం దగ్గరి ట్యారెబోర్గ్ అనే పల్లెలో లూథరన్ పాస్టర్. 1950లో బస్సులో జనాన్ని స్పెయిన్‌కు తీసుకువెళ్లడంతో మొదలుపెట్టి, 1962లో స్టెర్లింగ్ ఎయిర్‌వేస్ అనే విమాన సంస్థను స్థాపించేదాకా వెళ్లాడు. రానున్న మేలు కోసం ఓపికగా కాచుకొని ఉండటం ఎలాగో ఆదివారం ఆదివారం చెప్పే మనిషికి, చలికాలపు డేనిష్ రైతు మనసులో ఏముందో తెలియడం ఆశ్చర్యం కాదు.

అదే 1950లో వ్లాదిమిర్ రైట్జ్ లండన్ నుంచి విమానంలో ప్రయాణికులను కోర్సికా దీవిలోని కాల్వీకి తీసుకువెళ్లి, సముద్రతీరపు గుడారాల్లో ఉంచాడు. విమానం, బస, భోజనం కలిపి ఒకే ధర పెట్టిన నేటి ప్యాకేజీ సెలవులకు అది మొదలు. ఆ దీవికి ఈ విచారణలో మరో స్థానం ఉంది. క్రీస్తుశకం 41లో రోమన్ చక్రవర్తి క్లాడియస్ తత్త్వవేత్త సెనెకాను వెళ్లగొట్టింది కోర్సికాకే. ఎనిమిదేళ్లు అక్కడ గడిపిన సెనెకాకు ఆ దీవి బండరాళ్ల ప్రవాసం. పందొమ్మిది వందల ఏళ్ల తరవాత లండన్ ప్రయాణికులు డబ్బు దాచుకొని వెళ్లిన సంతోషం కూడా అదే దీవి. తల్లి హెల్వియాకు అక్కడి నుంచి రాసిన ఓదార్పు లేఖలో సెనెకా చేసిన వాదం సూటిగా ఉంటుంది: చోటు మారినా తలమీది ఆకాశం, మనిషిలోని గుణం మారవు, ఆ రెండూ ఎక్కడికైనా వెంట వస్తాయి. చివరి రోజుల్లో లుసీలియస్‌కు రాసిన లేఖల్లో దీన్నే తిరగేసి చెప్పాడు. దిగులుతో బయలుదేరినవాడు ఆ దిగులును వెంటబెట్టుకునే వెళ్తాడు కాబట్టి ప్రయాణం మందు కాదు. కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవరూ తర్కపండితుడు అన్నంభట్టు అయిపోరని పండితుల్లో ఉన్న నానుడిదీ ఇదే మాట.

సెనెకా అభ్యంతరం ప్రయాణం మీద కన్నా ఎదురుచూపు మీద ఎక్కువ పదునుగా పడుతుంది. జీవితం చిన్నదని ఏడ్చేవాళ్లు దాన్ని రేపటి మీద వేలాడదీసి ఇవాళను పారేసుకుంటున్నారని ఆయన మందలింపు. పదిహేడో శతాబ్దంలో పాస్కల్ దాన్ని మరింత లోతుకు తీసుకువెళ్లాడు. ఆయన చనిపోయాక 1670లో అచ్చయిన ‘పాంసే’లో, మనిషికి వర్తమానం ఎప్పుడూ దారే తప్ప ఊరు కాదని, గమ్యం ఎప్పుడూ భవిష్యత్తులోనే ఉంటుందని, అందువల్ల బతకడం ఎప్పటికీ వాయిదా పడుతూనే ఉంటుందని వాపోయాడు. బౌద్ధంలోనూ ఇదే హెచ్చరిక వినిపిస్తుంది. మజ్ఝిమ నికాయంలోని భద్దేకరత్త సుత్తం గడిచినదాని వెంట పడవద్దని, రానిదాని మీద ఆశ పెట్టుకోవద్దని, ఎదుట ఉన్నదాన్ని ఉన్నచోటే చూడమని బోధిస్తుంది. ఈ ముగ్గురి మాటా కలిపితే వంటగది బల్ల దగ్గర కూర్చున్న కుటుంబం జనవరిని జూలైకి ధారపోస్తున్నట్టు తేలుతుంది. ఏడాదికి రెండు వారాలు బతికి, మిగిలిన యాభై వారాలు ఆ రెంటి కోసం కాచుకొని ఉండే బతుకు నిజంగానే దైన్యం. ఈ విమర్శను తేలిగ్గా తోసిపుచ్చకూడదు. చాలా ఇళ్లలో జరుగుతున్నది అదే.

అయితే ఈ విమర్శ వర్తమానం అంటే ఏమిటో ముందే తేల్చేసుకుంది. క్రైస్తవ తత్త్వవేత్త అగస్టీన్ ‘కన్ఫెషన్స్’ పదకొండో పుస్తకంలో సరిగ్గా ఇక్కడే నిలదీశాడు. గతం ఇప్పుడు లేదు, భవిష్యత్తు ఇంకా లేదు, వర్తమానానికి నిడివి లేదు. అలాంటప్పుడు మనిషి కాలాన్ని దేనితో కొలుస్తున్నాడు? ఆయన చెప్పిన జవాబు ప్రకారం మూడు కాలాలూ మనసులోనే ఉన్నాయి: గడిచినదాని వర్తమానం జ్ఞాపకం, ఎదుట ఉన్నదాని వర్తమానం చూపు, రానున్నదాని వర్తమానం ఎదురుచూపు. కంఠస్థమైన కీర్తనను ఎత్తుకోబోయే ముందు అది మొత్తం ఎదురుచూపులో ఉంటుంది. పాడుతున్నకొద్దీ అక్కడి నుంచి జ్ఞాపకంలోకి జారుతుంది. ఈ లెక్కన ఎదురుచూడటం అంటే ఇవాళ నుంచి పారిపోవడం కాదు, ఇవాళ మనసు చేసే పనుల్లో అదీ ఒకటి. పిల్లవాడు సీసా వాసన చూసి మురిసిపోయింది జనవరిలోనే, జూలైలో కాదు. తెలుగు మాట ఈ సంగతిని తనలోనే దాచుకుంది. ‘ఎదురుచూపు’లో ఉన్నది చూపే. ఎదురుగా వస్తున్నదాన్ని ఇక్కడ నిలబడి చూడటం.

ఆ సుఖం ఇవాళ్టిదే అని ఒప్పుకున్నా, అది నిజమైన సుఖమా కాదా అనేది మిగిలే ఉంటుంది. ఈ ప్రశ్న మీద ఇప్పటికీ ఎవరూ దాటిపోలేని చర్చ ప్లేటో ‘ఫిలీబస్’లో ఉంది. అక్కడ సోక్రటీస్ మనిషి ఆత్మను పుస్తకంతో పోలుస్తాడు. లోపల ఒక రాయసకాడు కూర్చొని నమ్మకాలను రాస్తుంటాడు. వాడి వెనక ఒక చిత్రకారుడు వచ్చి ఆ రాతకు బొమ్మలు వేస్తాడు. తనకు బోలెడు బంగారం దొరికినట్టు, దాని వల్ల సుఖపడుతున్నట్టు, ఆ సుఖంలో తానే నిలబడి ఉన్నట్టు మనిషి ఆ బొమ్మల్లో చూసుకుంటాడు. రాత తప్పయితే బొమ్మ తప్పు, బొమ్మ తప్పయితే దాని వల్ల కలిగిన సుఖమూ తప్పుడు సుఖమే అని సోక్రటీస్ వాదం. ఎదుట కూర్చున్న ప్రోటార్కస్ ఒప్పుకోడు. తప్పు నమ్మకంలో ఉండొచ్చు గాని సుఖంలో తప్పొప్పులేమిటి, కలిగింది కలిగినట్టే కదా అంటాడు. ల్యాప్‌టాప్ తెర మీది నీలి సముద్రం ఆ చిత్రకారుడి చేతి పనే. ఆ బొమ్మలో విమానాశ్రయంలో బారులు ఉండవు, పిల్లవాడికి జ్వరం రాదు, పక్కగదిలో తాగి అరిచేవాళ్లు ఉండరు. ముఖ్యంగా అందులో ఉండే మనిషి అలసిపోడు, విసుక్కోడు. బయలుదేరేది మాత్రం అలసిపోయే మనిషే. సోక్రటీస్ భయం ఇదే: బొమ్మలోని ఊరు కన్నా బొమ్మలోని తాను ఎక్కువ అబద్ధం.

పద్నాలుగో శతాబ్దంలో విద్యారణ్యుడు ‘పంచదశి’లో ఇదే ముడిని మరో కొసన పట్టుకున్నాడు. నాలుగో ప్రకరణమైన ద్వైతవివేకంలో ఆయన ఈశ్వరసృష్టి, జీవసృష్టి అని రెండు విడదీస్తాడు. వస్తువును సృష్టించింది ఈశ్వరుడు, దాని మీద ‘నాది, ప్రియం, అప్రియం’ అనే రంగు పూసింది జీవుడు. సుఖదుఃఖాలు పుట్టేది రెండోదాని నుంచే. ఆయన చూపిన దృష్టాంతం గుండెను పట్టుకుంటుంది. దూరదేశంలో కొడుకు క్షేమంగా ఉన్నా, ఎవడో వచ్చి కొడుకు చనిపోయాడని అబద్ధం చెబితే తండ్రి కుప్పకూలి ఏడుస్తాడు. కొడుకు నిజంగానే పోయినా కబురు రాకపోతే తండ్రి కంట నీరు రాదు. బయటి కొడుకు కాదు, మనసులోని కొడుకే ఏడిపిస్తున్నాడు. ఈ దృష్టాంతం ఒకరకంగా ప్రోటార్కస్ పక్షాన నిలుస్తుంది: తండ్రి ఏడుపు అబద్ధపు ఏడుపు అని ఎవరూ అనలేరు. అయితే విద్యారణ్యుడు అక్కడితో ఆగలేదు. కామక్రోధాల వంటివి తీవ్రమైన బంధాలనీ, మనోరాజ్యం అంటే గాలిమేడలు కట్టుకుంటూ కూర్చోవడం మందమైన బంధమనీ, మందమైనా విడిచిపెట్టవలసిందేననీ చెప్పాడు. అది మిగతా దోషాలకు విత్తనం అవుతుందని ఆయన కారణం. మనసులోని సుఖం నిజం కావడం వేరు, మేలు చేయడం వేరు.

ఎదురుచూసే వస్తువు ‘లేదు’ అనడంలోనూ తేడాలున్నాయి. ఆ తేడాలను న్యాయ వైశేషికులు పట్టుకున్నంత సూక్ష్మంగా మరెవరూ పట్టుకోలేదు. పదిహేడో శతాబ్దపు అన్నంభట్టు తెలుగునాట పుట్టినవాడని సంప్రదాయం. ఆయన ‘తర్కసంగ్రహం’ నేటికీ తర్కంలో తొలి పాఠం. అందులో అభావం నాలుగు విధాలు. కుండ పుట్టకముందు ఉండే లేమి ప్రాగభావం: దానికి మొదలు లేదు, కుండ పుట్టగానే అంతమవుతుంది. కుండ పగిలాక ఉండే లేమి ప్రధ్వంసాభావం: దానికి మొదలు ఉంది, అంతం లేదు. ఎప్పుడూ లేకపోవడం అత్యంతాభావం. కుండ బట్ట కాకపోవడం వంటిది అన్యోన్యాభావం. కుమ్మరి వాకిట్లో పిసికి పెట్టిన మట్టిముద్దలో కుండ లేదు, పెరట్లో పారేసిన రాతిలోనూ కుండ లేదు. కానీ ముద్దను చూసినవాడు ‘ఇక్కడ కుండ పుడుతుంది’ అంటాడు; రాతిని చూసి అనడు. ప్రాగభావం తెలిసేది ఆ మాటతోనే. జనవరి నాటి వంటగదిలో జూలై లేదు, నిజమే. కానీ సెలవు చీటీ రాసి, అడ్వాన్సు కట్టి, నెలనెలా కొంత పక్కన పెడుతున్న ఇంట్లో ఆ లేమి మట్టిముద్దలోని లేమి. ఏ ప్రయత్నమూ లేకుండా తెర మీది సముద్రాన్ని చూస్తూ కూర్చున్న ఇంట్లోది రాతిలోని లేమి. బయటినుంచి చూసేవాడికి రెండిళ్లూ ఒకేలా కనిపిస్తాయి.

పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఆశను నిర్వచిస్తూ దాదాపు ఈ గీతే గీశాడు. ఆశకు విషయమయ్యేది మంచిదై ఉండాలి, రానున్నదై ఉండాలి, కష్టసాధ్యమై ఉండాలి, అయినా సాధ్యమై ఉండాలి. కష్టం లేనిచోట ఉన్నది ఉత్త కోరిక, సాధ్యం కానిచోట మిగిలేది నిరాశ. ఈ ‘ఆశ’ను చెప్పే గ్రీకు మాటను తెలుగు బైబిల్ అనువాదకులు ‘నిరీక్షణ’ అన్నారు. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ అని తెలుగు క్రైస్తవులు చెప్పుకునే మూడు సద్గుణాల్లో నడిమిది అదే. వాడుక తెలుగులో నిరీక్షించడం అంటే కాచుకొని ఎదురుచూడటం. ఆశపడటాన్నీ కాచుకొని ఉండటాన్నీ ఒకే మాటతో చెప్పిన ఆ అనువాదం ఎంతో విలువైనది. ఆశ అంటే ఏదో కావాలనుకోవడం కాదని, కాచుకొని ఉండే పని అని ఆ మాట వాడిన ప్రతిసారీ గుర్తొస్తుంది.

ఆ పని ఎలా చేయాలో నేర్పడానికి క్రైస్తవ పంచాంగంలో క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలం ఉంది. ఉత్తర యూరప్‌లో అది ఏడాదిలోకెల్లా చీకటి నెల. 1839లో హాంబుర్గ్ నగరంలో యోహాన్ హిన్రిష్ విషెర్న్ అనే పాస్టర్ దిక్కులేని పిల్లల కోసం ఒక ఆశ్రమం నడుపుతున్నాడు. పిల్లలు రోజూ వచ్చి క్రిస్మస్ ఎప్పుడని అడిగేవారు. ఆయన పాత బండిచక్రం ఒకటి తీసుకొని, దాని చుట్టూ కొవ్వొత్తులు నిలబెట్టాడు: ఆదివారాలకు పెద్ద తెల్లవి నాలుగు, మామూలు రోజులకు చిన్న ఎర్రవి. రోజుకొకటి వెలిగించుకుంటూ పోయారు. పిల్లలు అడగడం మానేసి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. బయట పగలు రోజురోజుకూ కుదించుకుపోతుంటే, లోపల వెలుగు రోజుకొక్కటిగా పెరిగింది. ఇవాళ ఇళ్లలోనూ చర్చిల్లోనూ కనిపించే నాలుగు కొవ్వొత్తుల ఆకుపచ్చ వలయం ఆ బండిచక్రం నుంచి వచ్చిందే.

ఆ చక్రం ఈ విచారణకు అసలైన కొలమానాన్ని ఇస్తుంది. విషెర్న్ పిల్లలకు క్రిస్మస్ బొమ్మ చూపించి మురిపించలేదు. ఎదురుచూపునే వెలుగుగా మార్చి వాళ్లు కూర్చున్న గదిలో పెట్టాడు. ఎదురుచూపు మంచిదా చెడ్డదా అని తేల్చవలసింది రాబోయే రోజును బట్టి కాదు, అది ఈ గదికి ఏం చేస్తోంది అన్నదాన్ని బట్టి. జూలై గురించి మాట్లాడుకుంటూ నలుగురూ ఒకే బల్ల చుట్టూ చేరితే, దాచిన డబ్బు లెక్కలో పిల్లలకూ పాలు ఉంటే, వెళ్లబోయే ఊరి భాషలో పది మాటలు నేర్చుకుంటే, ఆ చలి సాయంత్రానికి ఒక కొవ్వొత్తి పెరిగినట్టే. అదే జూలై పేరు చెప్పి కిటికీ బయటి మంచును, పక్కన కూర్చున్న మనిషిని చూడటం మానేస్తే, పాస్కల్ మాటే గెలిచినట్టు.

తెలుగిళ్లలో దీనికి దగ్గరి వస్తువు ముడుపు. మొక్కుకున్నవాళ్లు పసుపు రాసిన గుడ్డలో నాణేలు మూటగట్టి దేవుడి పటం దగ్గర పెడతారు. తిరుపతి ప్రయాణం ఎన్ని నెలల తరవాతైనా కావొచ్చు. ఆ మూట మాత్రం ఇవాళ్టి నుంచే ఇంట్లో ఉంటుంది. పొద్దున దీపం పెట్టినప్పుడల్లా కంటపడుతుంది. ఎంత అవసరం వచ్చినా అందులోంచి తీయరు. యాత్ర ముడుపు కట్టిన నాడే మొదలైందని పెద్దలు అనడంలో అతిశయోక్తి లేదు. సెలవు ప్రయాణం దైవకార్యం కాదు, రెంటినీ సమం చేయకూడదు. కానీ రానున్నదాన్ని చేతికి తగిలే వస్తువుగా ఇంట్లో నిలబెట్టడం రెండుచోట్లా ఒకటే.

మరి ఫలం మీద మనసు పెట్టవద్దన్న గీతాబోధ సంగతి? రెండో అధ్యాయంలో కృష్ణుడు వద్దన్నది ఫలాపేక్షతో కర్మ చేయడాన్ని. సంకల్పం చెప్పుకోవడాన్ని వద్దనలేదు. ఏ వైదిక కర్మా సంకల్పం లేకుండా మొదలే కాదు. పాలీ బౌద్ధం ఈ తేడాకు రెండు పేర్లు పెట్టింది: దాహంలా ఎప్పటికీ తీరని తణ్హ ఒకటి, పని చేయాలనే పూనిక అయిన ఛందం ఒకటి. సంయుత్త నికాయంలో ఉన్నాభుడు అనే బ్రాహ్మణుడు కౌశాంబిలోని ఘోషితారామానికి వచ్చి బుద్ధుడి శిష్యుడు ఆనందుణ్ణి ఒక చిక్కుప్రశ్న అడుగుతాడు. కోరికను వదిలించుకోవాలని కోరుకోవడమూ కోరికే కదా, ఇది ఎప్పటికి తెగుతుంది? ఆనందుడు ఎదురు ప్రశ్న వేస్తాడు. ఈ ఆరామానికి రావాలని ఇంతకుముందు కోరిక ఉందా? ఉంది. పూనిక, ప్రయత్నం ఉన్నాయా? ఉన్నాయి. వచ్చి చేరాక అవి ఏమయ్యాయి? అణగిపోయాయి. అంతే జవాబు. ఒక తోటకు వెళ్లాలనుకొని, బయలుదేరి, చేరుకున్న మామూలు మనిషి అనుభవాన్నే ఆనందుడు నిర్వాణమార్గానికి ఉదాహరణగా తీసుకున్నాడు. చేరగానే తీరిపోయే కోరిక బంధం కాదు. తీరానికి చేరిన రెండో రోజే వచ్చే ఏటి సెలవు ఎక్కడ అని ఫోన్‌లో వెతికే కోరిక అలాంటిది కాదు.

ఎదురుచూపును గురించి ఇంత మంచి చెప్పాక, నందనారును తలచుకోకపోవడం అన్యాయం అవుతుంది. పన్నెండో శతాబ్దపు తమిళ ‘పెరియపురాణం’లో ఆయన పేరు తిరునాళైప్పోవార్, అంటే ‘రేపు వెళ్తానన్నవాడు’. ఆదనూరులో అంటరానివాడిగా పుట్టిన ఆ భక్తుడు చిదంబరం వెళ్లాలని రోజూ అనుకునేవాడు, రోజూ రేపు వెళ్తాననేవాడు. ఆ వాయిదా ఆయన మనసు చేసింది కాదు, కులం చేసింది. గుడి గడప దాటనివ్వని లోకంలో ‘రేపు’ తప్ప ఆయనకు ఇంకేమీ మిగల్లేదు. కథలో చివరికి ఆయన అగ్నిలో ప్రవేశించాకే లోపలికి వెళ్లగలిగాడు. ఎదురుచూపులోని తీపి, తలుపు తెరిచి ఉన్నవాడికే. సెలవు, జీతం, పాస్‌పోర్టు, వీసా ఉన్నవాడు ఆరు నెలలు కాచుకోవడం ఆనందం; అవేవీ లేనివాడు కాచుకోవడం వేరే పని. జనవరి ప్రకటనల వెలుగులో ఉత్తర దేశాల ఊళ్లలోనే ఎన్నో ఇళ్లు హీటర్ ఖర్చుకు వెనకాడుతూ చీకట్లో ఉంటాయి. ఎదురుచూపు సద్గుణమని బోధించేవాళ్లు ఎవరిని బలవంతంగా ఎదురుచూసేలా చేస్తున్నారో చూసుకోవలసిన బాధ్యత ఉంది.

మనస్తత్వ పరిశోధనల నుంచి ఇక్కడ రెండు సంగతులు చాలు. 1987లో ఆర్థికవేత్త జార్జ్ లోవెన్‌స్టైన్, ఇష్టమైన సినిమా తార ముద్దు ఎప్పుడు దొరికితే ఎంత ఇస్తారని విద్యార్థులను అడిగితే, వెంటనే దొరికేదాని కన్నా మూడు రోజుల తరవాతిదానికే ఎక్కువ ఇస్తామన్నారు. సుఖాన్ని కొద్దిగా దూరం జరుపుకొని దాన్ని ముందుగా రుచి చూడటం మనిషి కావాలని చేసే పని. 2010లో నెదర్లాండ్స్‌లో 1530 మంది పెద్దల మీద జరిపిన పరిశీలన ఒకటి అచ్చయింది. సెలవుకు వెళ్లేవాళ్లు వెళ్లకముందు మిగతావాళ్ల కన్నా సంతోషంగా ఉన్నారని, తిరిగి వచ్చాక చాలామందిలో ఆ తేడా కనబడలేదని అది తేల్చింది. దీన్ని సెలవు వ్యర్థమనడానికి సాక్ష్యంగా చూపేవాళ్లున్నారు. అది తొందరపాటు. సంతోషం ముందుకు జరిగిందంటే పోయిందని కాదు. మనసు సుఖం గతాన్నీ భవిష్యత్తునూ కలుపుకొని విస్తరిస్తుంది కాబట్టే దేహసుఖం కన్నా పెద్దదని ఎపిక్యూరస్ అన్నాడు. ఎదుట ఉన్న క్షణంలోని సుఖమే సుఖమన్న సైరీనీ తత్త్వవేత్తలతో ఆయనకు అక్కడే తెగిపోయింది.

చిత్రకారుడి బొమ్మలో లేనివాళ్లు మరికొందరున్నారు. మయోర్కా, కానరీ దీవుల్లో ఏడాది పొడుగునా ఉండేవాళ్లు. చలిగదిలో ఊహించుకున్న తీరం ఖాళీగా ఉంటుంది, కానీ అక్కడ ఎవరో పక్కలు మారుస్తుంటారు, ఎవరో అద్దెలు భరించలేక ఊరు విడిచిపోతుంటారు. 2024 ఏప్రిల్‌లో కానరీ దీవుల్లోనూ, ఆ వేసవిలో మయోర్కా రాజధాని పాల్మాలోనూ వేలమంది వీధుల్లోకి వచ్చి, తమ ఊళ్లు ఇంతమంది ప్రయాణికులను మోయలేవని మొరపెట్టుకున్నారు. సోక్రటీస్ చెప్పిన తప్పుడు సుఖానికి ఇది కొత్త అర్థం. బొమ్మలో తన గురించి రాసుకున్న అబద్ధం తననే మోసం చేస్తుంది. బొమ్మలోంచి చెరిపేసిన మనిషికి మాత్రం అన్యాయం జరుగుతుంది. ఎదురుచూసేవాడు ఎవరి ఇంటికి వెళ్లాలని ఎదురుచూస్తున్నాడో తెలుసుకోవడం కూడా ఎదురుచూపులో భాగమే. అక్కడ నీటి ఎద్దడి ఉందేమో, బస చేసే ఇల్లు ఒకప్పుడు ఏ కుటుంబానిదో అడిగి తెలుసుకోవడానికి చలికాలపు సాయంత్రాలు కావలసినన్ని ఉన్నాయి.

ఇక మిగిలింది రానేరాని ప్రయాణం. 2020 జనవరిలో యూరప్ అంతటా మామూలుగానే టికెట్లు కొన్నారు. మార్చి నాటికి సరిహద్దులు మూతపడ్డాయి. ఆ వేసవి ప్రయాణాలు ఎన్నో రద్దయ్యాయి. అన్నంభట్టు లెక్కలో ఇది చిక్కైన సందర్భం. పుట్టి తీరినప్పుడే దాని ముందటి లేమి ప్రాగభావం. ఎప్పటికీ పుట్టనిదానికి ప్రాగభావం లేదు. అంటే ఆ జనవరిలో వంటగది బల్ల మీద ఉన్నదనుకున్న మట్టిముద్ద మట్టిముద్ద కాదు, ‘ఇక్కడ కుండ పుడుతుంది’ అన్న మాట తప్పు. సోక్రటీస్ ప్రకారం ఆ రాత తప్పు, బొమ్మ తప్పు, సుఖమూ తప్పు. కానీ ఆ సాయంత్రం మాత్రం జరిగింది. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు, పిల్లవాడు సీసా మూత తీశాడు, వాడి ముఖం మారింది. ఆ సాయంత్రం గడిచాక మిగిలింది ప్రధ్వంసాభావం, మొదలు ఉండి అంతం లేనిది. ఒకసారి ఉండి పోయినదాని లేమి అది. ఆ సాయంత్రాన్ని ఇక ఎవరూ తిరిగి తేలేరు, అసలు జరగనే లేదని కూడా చేయలేరు.